ఎద్దు పాస్ చేసిన తాడు

1993లో దసరా వెళ్ళిన వారం నన్ను తాళ్ళ షెడ్డుకు సూపర్‌వైజరుగా వేశారు. నిజామాబాద్ పట్టణం చివర, బోధన్ రోడ్డు మీద, రైసుమిల్లుల వరుస దాటాక ఉండే ఒక చిన్న ప్లాస్టిక్ కర్మాగారం అది. అంతకు ముందు అక్కడే లోపలికి వచ్చే సరుకు తూకం చూసుకునేదాన్ని. సూపర్‌వైజర్ అంటే పెద్ద హోదా అనుకునేరు. పైన యజమాని విఠల్ సేట్, ఆయన కింద యంత్రాల మేస్త్రీ, ఆ కింద నేను. నా కింద పన్నెండు మంది ఆడవాళ్ళు, తాడు పేనే రెండు పురి యంత్రాలు, కొండంత తాడు.

తాడంటే బావిలో చేద వేసే తాడు కాదు. ఓడ తాడు. రేవులో ఓడను కదలకుండా గట్టుకు కట్టి ఉంచేది. నా తొడంత లావు. దాన్ని లారీ మీది నుంచి దించడానికి నలుగురు మగవాళ్ళు పట్టేవారు, వాళ్ళను తిట్టడానికి ఐదోవాడు పట్టేవాడు.

నిజామాబాదుకు సముద్రం ఎక్కడిది, ఓడ తాళ్ళకు ఇక్కడేం పని అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. దానికి జవాబు పసుపు. మోర్తాడ్, ఆర్మూరు వైపు నుంచి పసుపు బస్తాలు వేసుకుని బొంబాయి పోయిన లారీలు ఖాళీగా తిరిగి వస్తే యజమానులకు గిట్టదు. తిరుగు బాడుగ తక్కువకే ఒప్పుకుంటారు. ఓడలు విరగ్గొట్టే చోట్ల నుంచి, రేవుల నుంచి పనికిరాని తాళ్ళు, వలలు, డ్రమ్ములు బొంబాయి పాత సామాన్ల బజారుకు చేరతాయి. ఆ సరుకును పసుపు లారీల్లో వెనక్కి తెప్పించవచ్చని ముందుగా కనిపెట్టినవాడు మా విఠల్ సేట్. అందుకే మా ఓడ తాళ్ళకు ఎప్పుడూ కొంచెం పసుపు అంటి ఉండేది. పేరంటానికి పోయి వచ్చినట్టు ఉండేవి.

పని ఎలా సాగేదో కొంచెం చెప్పాలి. వచ్చిన తాడును ముందు గుర్తు పట్టాలి. ఓడ తాళ్ళలో ముఖ్యంగా రెండు జాతులు. పాలీప్రొపిలీన్‌ను మా షెడ్డులో ‘పీపీ’ అనేవాళ్ళం. అది నీళ్ళలో తేలుతుంది. నైలాన్ మునుగుతుంది. అనుమానం ఉంటే ఒక పోగు తీసి అగ్గిపుల్లతో అంటించాలి. పీపీ కాలితే కొవ్వొత్తి ఆర్పిన వాసన, నైలాన్ కాలితే వెంట్రుకలు కాలిన వాసన. ఈ రెండూ కలిశాయంటే కరిగించే యంత్రం గొంతు పట్టుకుంటుంది. పొద్దున షెడ్డులో దేవుడి పటం ముందు దీపం పెట్టిన అగ్గిపెట్టెతోనే ఈ పరీక్ష కూడా చేసేదాన్ని. “మా భారతక్క ముందుగాల దేవునికి ధూపం ఏస్తది, ఎన్క తాడుకు ఏస్తది. ఇద్దరిట్ల ఎవలు ముందు పలుకుతరో సూడాలె” అని నా కింద పనిచేసే రాజవ్వ నవ్వేది.

గుర్తు పట్టాక తాడును విప్పాలి. పై పొర ఎండకు, రాపిడికి పెళుసెక్కి ఉంటుంది. అది కత్తిరించి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి గింజలుగా తీస్తాం. ఆ గింజలను మా వ్యాపారంలో ‘దానా’ అంటారు. బకెట్లు, తట్టలు, పైపులు చేసేవాళ్ళు దానా కొంటారు. లోపలి పాయలు మాత్రం ఎండ తగలక కొత్తవాటిలా ఉంటాయి. వాటిని కరిగించడం పాపం. పోగులుగా విడదీసి, పురి యంత్రం మీద మళ్ళీ పేనితే చిటికెన వేలంత సన్నటి కొత్త తాడు వస్తుంది. ఈ విడదీసే పని యంత్రానికి రాదు. వేళ్ళకు రావాలి. బీడీలు చుట్టిన వేళ్ళకు అది ఇట్టే వచ్చింది.

నా కింది పన్నెండు మందీ బీడీలు చుట్టి వచ్చినవాళ్ళే. నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే స్తోత్రాల పుస్తకం ముందు పెట్టి అక్షరాలు, పంచాంగం ముందు పెట్టి అంకెలు నేర్పారు. ఆ మాత్రం చదువుతో ఈ కుర్చీ దాకా వచ్చానంటే ఆయన ఓపిక, దేవుడి దయ. ఇక పని నేర్పినవాళ్ళు ఈ ఆడవాళ్ళు. వాళ్ళలో పెద్దది రాజవ్వ. నలభై ఐదు దాటి ఉంటాయి. చిన్ననాటి నుంచి తంబాకు దుమ్ములో కూర్చుని ఆమె ఊపిరితిత్తులు పాడైపోయాయి. దగ్గు మొదలైతే గోడ పట్టుకుని నిలబడేది. ఇంకొక్క ఏడాది బీడీ చుడితే ఇక తన దగ్గరికి రానక్కర లేదని డాక్టరు చెప్పాడట. అందుకని ఈ షెడ్డుకు వచ్చింది. వచ్చిన ఆరు నెలల్లో దగ్గు సగం తగ్గింది, నోరు రెండింతలు పెరిగింది. ఇంట్లో ఆమె ఒక్క సంపాదనే. షెడ్డు లేకపోతే ఆమెకు మిగిలేది మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే తంబాకు చాటే.

ఆమెను చూసే నేనొక నియమం పెట్టాను. పని చేసినంత సేపు అందరూ ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. తాడు విప్పుతుంటే లోపలి నుంచి తెల్లటి పొడి రాలేది. అరిగిన ప్లాస్టిక్ పొడి అనుకున్నాం. ఎండకు చెడిన తాడు అలాంటి పొడి రాల్చడం మామూలే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. మేస్త్రీకి రాలేదు, సేటుకు రాలేదు, నాకూ రాలేదు. ‘ముసలి పొడి’ అని దానికి పేరు కూడా పెట్టుకున్నాం.

మరుసటి ఏడు సేటు ఒక మంచి ఆర్డరు పట్టాడు. బోధన్ వైపు చెరుకు రైతులకు బండి తాళ్ళు కావాలి. బండి మీద చెరుకు గడలు వేశాక అవి జారకుండా తాడుతో బిగించి కడతారు. కొబ్బరి తాడు వానకు కుళ్ళుతుంది, కొత్త నైలాన్ తాడు ఖరీదు ఎక్కువ. మాది గట్టిది, చవకది, ఆకుపచ్చది. చెరుకు గానుగ ఆడే సీజను మొదలయ్యే ముందు అక్కడి ఒక చక్కెర మిల్లు ద్వారా రైతులకు తాళ్ళు పంచాం. పంపే ముందు పరీక్ష కూడా చేశాం. షెడ్డు దూలానికి తాడు కట్టి ఇసుక బస్తాలు వేలాడదీశాం. తాడు చెక్కు చెదరలేదు. సేటు ఉత్సాహం ఆగక తానే పట్టుకుని వేలాడాడు. “తాడుకు ఫికర్ లేదు సేటూ, దూలానికే ఫికర్” అంది రాజవ్వ. సేటు దిగాడు.

సీజను మొదలైన మూడో వారంలో సాయన్న అనే రైతు బస్సు దిగి నేరుగా షెడ్డుకు వచ్చాడు. చేతిలో మా ఆకుపచ్చ తాడు. దాని ఒక కొస చీపురులా విడిపోయి, తడిసి, నురగ పట్టి ఉంది.

“గీ షెడ్డుకు పెద్దమనిషెవలు?” అన్నాడు.

నేనే అన్నాను. నన్ను పైనుంచి కింది దాకా చూసి గొంతు కొంచెం తగ్గించాడు.

“అక్కా, తాడు చేసిండ్రా, దాణా చేసిండ్రా? మా పటేలు తింటుండు.”

ఊరి పటేలు తాడెందుకు తింటాడని రాజవ్వ అడిగింది. పటేలంటే తన ఎద్దని సాయన్న చెప్పాడు. పని చెప్తే కదలడు, తిండి దగ్గర మాత్రం అందరికన్నా ముందుంటాడు, అందుకని ఆ పేరు పెట్టాడట. “గా పేరు పెట్టినందుకు అసలు పటేలు నాతోని మాట్లాడ్తలేడు. గిప్పుడు ఎద్దుతోని గూడ పంచాయతే” అన్నాడు.

నవ్వుకున్నాం గాని విషయం నవ్వులాట కాదు. మిల్లు ఆవరణలో చెరుకు బండ్లు తూకం కాంటా కోసం ఒకదాని వెనుక ఒకటి బారు తీరి నిలబడతాయి. ముందు బండి వెనుక భాగం దగ్గరే వెనుక బండి ఎద్దుల మూతులు ఉంటాయి. గడలు కట్టిన తాడు ముడి ఉండేది కూడా అక్కడే. దించేటప్పుడు ఒక్క గుంజుతో విడిపోవాలని జారుముడి వేస్తారు. వెనుక ఎద్దు ఆ ముడి కొస నోట పట్టి నమిలి గుంజితే ఏమవుతుంది? ముడి విడిపోతుంది, బండెడు చెరుకు ఎద్దుల కాళ్ళ మీద పడుతుంది. ఒకటి రెండు బండ్లకు కాదు, బారు బారుకే ఇలా జరుగుతోంది. ముందు బండి చెరుకు పడితే దాని యజమాని వెనక్కి వచ్చి తిట్టేలోపు, అతని ముందున్న బండి ముడిని అతని ఎద్దులు విప్పేవి. “లైన్ల ఎవడు ఎవన్ని తిట్టాల్నో ఎరుకైత లేదు” అన్నాడు సాయన్న. తాడు పోగులు ఎద్దుల కడుపులోకి పోతే ఏం కావాలన్నది అందరి భయం.

ఆ సాయంత్రమే మిల్లు నుంచి కబురు వచ్చింది. శనివారం లోగా సంగతి తేల్చకపోతే మా తాడు కట్టిన బండిని గేటు లోపలికి రానివ్వరు. సేటు అందరినీ పిలిచి మాట దాచకుండా చెప్పాడు.

“భారతమ్మా, నేను కొట్లాడెటోన్ని కాదు. శనివారం దాక సూస్త. కాకపోతే తాళ్ళన్నీ వాపస్ తెచ్చి దానా కొట్టిస్త. తాళ్ళ షెడ్డు బంద్.”

దానా కొట్టే యంత్రానికి ఇద్దరు మగవాళ్ళు చాలు. పన్నెండు మంది ఆడవాళ్ళ పని ఉండదు.  ఎప్పుడూ ఊరుకోని రాజవ్వ ముక్కుగుడ్డ సరిచేసుకుని పాయలు విప్పడం మొదలుపెట్టింది. 

మరునాడు నేను, రాజవ్వ బోధన్ బస్సు ఎక్కాం. నా పని మిల్లు ఆవరణలో నిలబడి కళ్ళతో చూడడం. రాజవ్వను ఎందుకు తీసుకుపోయానంటే, రైతులతో గొడవ పడవలసి వస్తే నాకు రాదు. నేను దండం పెట్టడం వరకే.

అక్కడ ఎవరి సిద్ధాంతం వారికి ఉంది. తాడు ఆకుపచ్చగా ఉండడం వల్ల ఎద్దులు గడ్డి అనుకుంటున్నాయని కొందరు. ఆవరణలో చెరుకు మడ్డి తాళ్ళకు అంటి తీపి ఎక్కిందని కొందరు. చచ్చిన ఓడ తాడు కనుక దాన్ని ఏదో పట్టుకుని వచ్చిందని, నిమ్మకాయ కట్టాలని ఒక ముసలాయన. నిమ్మకాయ కడితే ఎద్దు దాన్ని కూడా తింటుందని రాజవ్వ ఆయనకు నచ్చజెప్పింది.

నేను మూడు తాళ్ళు పెట్టి చూశాను. ఒకటి మా ఆకుపచ్చది, ఒకటి బజారులో కొన్న ఆకుపచ్చ నైలాన్, ఒకటి మడ్డిలో ముంచిన కొబ్బరి తాడు. సాయన్న తన పటేలును తెచ్చి వాటి ముందు నిలబెట్టాడు. తెల్లటి ఎద్దు, పెద్ద గంగడోలు, ముఖంలో ఏ తొందరా లేదు. కొబ్బరి తాడు వాసన చూసి ఒకసారి నాకాడు. కొన్న నైలాన్ వైపు చూడనే లేదు. మా తాడు దగ్గరికి వచ్చాక కళ్ళు సగం మూసి, కొస నోట పట్టుకుని, భోజనానికి కూర్చున్న పెద్దమనిషిలా స్థిరపడ్డాడు. కనుక రంగు కాదు, మడ్డీ కాదు. తాడులోనే ఏదో ఉంది.

పక్కనే తన బండి దగ్గర నిలబడి ఒకాయన ఇదంతా చూస్తున్నాడు. పేరు వీర్రాజు గారు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని బోధన్ దగ్గర క్యాంపులో, అంటే అలా వలస వచ్చిన రైతుల ఊరిలో, స్థిరపడిన రైతు.

“ఏవమ్మా, ఈ తాడు ఎక్కడిది?” అని అడిగాడు.

ఓడలదని చెప్పాను.

“సముద్రం మీద తిరిగిందా? మరి రుచి చూశారా?”

తాడు రుచి చూడడమేమిటండీ అన్నాను. ఆయన నవ్వాడు. “మా ఊరు సముద్రానికి దగ్గరండీ. వేటకెళ్ళే పడవ తాడు గట్టు మీద ఆరేస్తే గేదెలొచ్చి నాకేసేవి. ఓసారి నాలిక మీద పెట్టి చూడండి.”

ఇక్కడ నాకొక చిక్కు వచ్చింది. ఆ రోజు ఏకాదశి. ఏకాదశి నాడు నేను ఉప్పు ముట్టను. తాడులో ఉప్పు లేకపోతే నాకితే దోషం లేదు, ఉంటే ఉపవాసం పోతుంది. ఉందో లేదో తెలియాలంటే నాకాలి. నా ముఖం చూసి రాజవ్వకు అర్థమైపోయింది.

“నీ పుణ్యం నీ తాన్నే ఉండాలె, ఎద్దు ఎంగిలి నేను నాకాలె. గిదేం న్యాయం అక్కా?” అంటూనే కొత్త తాడు ఒకటి విప్పి, లోపలి పోగు తీసి నాలిక మీద పెట్టుకుంది. ముఖం ముడుచుకుపోయింది. తుపుక్కున ఉమ్మింది. “ఉప్పు! అక్కా, ఊరవెట్టిన మామిడికాయ లెక్కున్నది!”

మేం ముసలి పొడి అనుకున్నది సముద్రపు ఉప్పు. ఏళ్ళ తరబడి తాడు లోపలికి ఇంకిన నీరు ఆరి పాయల మధ్య పేరుకుపోయింది. దానా చేసే పై పొరను ఎలాగూ కడుగుతాం. లోపలి పాయలు చూడడానికి శుభ్రంగా ఉంటాయి, తడిగా ఉంటే పేనేటప్పుడు పురి జారుతుంది, అందుకని వాటిని ఎవరూ కడగలేదు. నోళ్ళకు గుడ్డలు కట్టుకుని కూర్చున్న పన్నెండు మందిలో ఒక్కరికీ రుచి తగలలేదు. సముద్రం తెలిసిన ఊరిలో అయితే ఈ పొరపాటు మొదటి రోజే బయటపడేది. మేం పుట్టి పెరిగింది గోదావరి నీళ్ళ మీద, మంజీర నీళ్ళ మీద. తాడులో ఉప్పు ఉంటుందన్న ఆలోచన మాకు ఎక్కడి నుంచి వస్తుంది? నేను వీర్రాజు గారికి దండం పెట్టాను. పటేలుకు కూడా పెట్టాను. సాయన్న తానూ ఉన్నానన్నట్టు దగ్గాడు. అతనికీ పెట్టాను.

శనివారానికి ఎక్కువ సమయం లేదు. మిగిలిన తాళ్ళన్నీ నీళ్ళ తొట్లలో నానబెట్టాం. ఒక రాత్రి నాని, నీళ్ళు మార్చి, మళ్ళీ నాని, పిండి, తీగెల మీద ఆరేశాం. రోడ్డు మీద పోయేవాళ్ళకు అది పెళ్ళివారింట్లో సేమ్యాలు ఆరేసినట్టు కనిపించేది. ఉప్పు నీళ్ళు పక్క కాలువలో వదిలితే సులువే గాని, ఆ కాలువ కింద వరి ఉంది. పొలం చౌడెక్కితే మా తాడుకన్నా పెద్ద నష్టం. సేటును అడిగి వెనుక మొరం నేలలో గుంట తవ్వించి, అడుగున పాత ప్లాస్టిక్ పట్టా పరిచి అందులో పోశాం. ఎండకు నీరు ఆరి అడుగున ఉప్పు తేలింది. వాసన పట్టి ఊళ్ళో మేకలన్నీ వచ్చాయి. ముళ్ళకంప వేయించవలసి వచ్చింది.

ఇక తాడులో ఉప్పు పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? మొదట రాజవ్వ నాలికే మా పరికరం. కాసేపటికి ఆమె చేతులెత్తేసింది. “ఇగ నాకు బెల్లం వెట్టినా ఉప్పే అంటది నాలిక” అంది. తక్కినవాళ్ళను చూడమంటే ఒకరు ఉందన్నారు, ఒకరు లేదన్నారు. అప్పుడు నాకు తోచింది. ఈ తప్పు మనిషి నాలిక పట్టింది కాదు, ఎద్దు నాలిక పట్టింది. పాస్ చేయవలసింది కూడా అదే.

సేటుకు చెప్తే నెత్తి కొట్టుకున్నాడు. “అరే భారతమ్మా, ఎద్దుకు నౌకరీ ఇయ్యమంటవా?”

నెల జీతం అక్కర లేదు, పచ్చగడ్డి చాలు అన్నాను. సాయన్నకు కబురు పెట్టాం. శుక్రవారం అతను పటేలును తోలుకుని వచ్చాడు. ఆరిన తాళ్ళను ఒక్కొక్కటిగా ముందు పెట్టాం. కొన్నిటిని పటేలు వాసన చూసి వదిలేశాడు. కొన్నిటిని నాకాడు. నాకినవన్నీ మళ్ళీ తొట్టిలోకి. “ఏం సార్, గిదన్న పాస్ చేస్తవా?” అని ఆడవాళ్ళు ఒక్కొక్క తాడూ చూపిస్తుంటే అతను తల అటు తిప్పుకునేవాడు. ఆ తిప్పుకోవడం కోసం నేను అంతగా మొక్కుకుంటానని ఎన్నడూ అనుకోలేదు.

శనివారం మిల్లు ఆవరణలో పరీక్ష. మిల్లు చెరుకు విభాగం అధికారి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బండ్లవాళ్ళందరూ చుట్టూ చేరారు. పందేలు కూడా కట్టారని తరువాత తెలిసింది. చెరుకు నిండిన బండికి కడిగిన తాడు బిగించాలి. ముడి రాజవ్వ వేస్తానంది. “గీ తాడు నా చేతుల నుంచే పోయింది. నేనే కడ్త” అంది. జారుముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది. కొసను పిడికిట్లో పట్టుకుని చాలాసేపు నిలబడింది. గుడ్డ లేని ఆమె ముఖం ఆ రోజు తెల్లగా పాలిపోయి ఉంది.

సాయన్న ఎద్దుల జతను ఆ బండి వెనుక నిలబెట్టాడు. పటేలు ముందు గడలు వాసన చూశాడు. తాడు పొడవునా మూతి జరిపాడు. నాకలేదు. జనంలో గుసగుస. నేను లోపల నామం చెప్పుకుంటున్నాను. ముడి దగ్గరికి వచ్చాడు. ఆగాడు. నాలిక బయటపెట్టి ముడి కొసను శుభ్రంగా నాకాడు.

“అయిపాయె,” అన్నారెవరో. సేటు తల దించుకున్నాడు. రాజవ్వ అక్కడే నేల మీద కూలబడింది. తంబాకు చాట ఆమె కళ్ళ ముందు కనిపించి ఉంటుంది. నాకైతే కనిపించింది.

కాని పటేలు నమలలేదు. కొస మీద రెండుసార్లు నాలిక ఆడించి, లోపల ఇక ఏమీ లేనట్టు వదిలేశాడు. తరువాత మెడ చాచి, కింద కూర్చున్న రాజవ్వ అరచేతిని పట్టుకుని అదే తీరుగా నాకడం మొదలుపెట్టాడు.

ముందు నవ్వింది వీర్రాజు గారు. “అయ్యా, అది సముద్రం ఉప్పు కాదండీ, ఆవిడ చెమట! గంట నుంచి కొస పిడికిట్లో పెట్టుకుని నిలబడిందిగా!”

అధికారి లేచి వచ్చాడు. ముడిని చెంబుడు నీళ్ళతో కడిగించి, ఆరనిచ్చి, ఈసారి వేరే మనిషితో పొడి గుడ్డ పట్టి కొత్త ముడి వేయించాడు. వేరే ఎద్దుల జతను కూడా తెప్పించాడు. అవి గడల ఆకులు పీక్కు తిన్నాయి. తాడు వైపు చూడలేదు. పటేలును మళ్ళీ తెచ్చారు. అతను తాడును వాసన చూసి, తల తిప్పుకుని, ఆవరణ మధ్యలో తన అభిప్రాయాన్ని పేడ రూపంలో రాసి పెట్టాడు. మిల్లు అధికారి నవ్వు ఆపుకోలేక చేతి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కడిగిన తాళ్ళు లోపలికి రావచ్చన్నాడు. అంతకు ముందు పంచినవన్నీ మేమే వెనక్కి తీసుకుని, కడిగి ఇవ్వాలన్నాడు. సేటు ఒప్పుకున్నాడు. ఎద్దులకు ఏ హానీ జరగలేదని పశువుల డాక్టరు కూడా చూసి చెప్పాడు. ఆ మాట విన్నాకే నాకు ఆ రోజు అన్నం సహించింది.

రాజవ్వ అప్పటికి చెయ్యి కొంగుకు తుడుచుకుని లేచింది. “మా ఆయన బతికున్నప్పుడు గూడ నా చెయ్యి ఇంత మంచిగ పట్టుకోలే” అని సాయన్నతో అంది. ఆ మాట మిల్లు ఆవరణ దాటి బోధన్ బజారు దాకా పోయింది. మేము బస్సు ఎక్కేసరికి కండక్టరుకు కూడా తెలుసు.

తాళ్ళ షెడ్డు మూతపడలేదు. పాయలను పురికి ముందే కడగడం, ఆరబెట్టడం మా పద్ధతిలో భాగమైంది. దానికి ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు కావలసి వచ్చారు, వాళ్ళు కూడా బీడీలు మాని వచ్చినవాళ్ళే. ప్రతి కొత్త లారీ సరుకు నుంచి తయారైన మొదటి తాడు సాయన్న పశువుల కొట్టానికి పోయి వచ్చేది. పటేలు ముసలివాడయ్యాక ఆ పని అతని జతగాడు చేశాడు, కాని అతనికి అంత నిష్ఠ లేదు, కాగితాలు కూడా నాకేవాడు. రాజవ్వ నేను రిటైరయ్యే దాకా నా షెడ్డులోనే పని చేసింది. దగ్గు పూర్తిగా పోలేదు గాని గోడ పట్టుకోవడం మానేసింది.

పాత సరుకుతో కొత్త వస్తువు చేసే ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇది. మేము తాడు ఎంత బరువు మోస్తుందో పరీక్షించాం, అది ఎక్కడ నిలబడుతుందో, దాని పక్కన ఎవరు నిలబడతారో చూడలేదు. వస్తువు కొన్నవాడి చేతిలో బాగుంటే సరిపోదు, కొననివాడి నోటికి అందే చోట కూడా బాగుండాలి. ఆ తరువాత కొత్త సరుకు ఏది తయారైనా మొదటి వారం నేను షెడ్డులో కూర్చోలేదు. అది వాడే చోటికి పోయి, దాని వెనుక వైపు నిలబడి చూశాను.